డింప్నా పలకరించని ఊరు

మెట్ల మీంచి ముందు చావుకబుర్లు దిగేవి. ఆ వెనకాల డింప్నా దిగేది.

మా జిల్లా రేడియోలో పూటపూటకీ పోయినవాళ్ళ పేర్లు చదువుతారు. ఎవరి భార్య, ఎవరి తల్లి, ఏ చర్చిలో ప్రార్థన, పూలు తేవాలా వద్దా. నా ఉన్ని కొట్టు పైన ఉన్న ఆఫీసులో ఆ గొంతు ఉన్నట్టుండి పెద్దదయిందంటే, లోపలి గదిలోకి ఎవరో వెళ్ళారని అర్థం. ఆ గోడలు బిస్కట్ల డబ్బా అట్టంత పల్చన. లోపల ఎవరు ముక్కు చీదినా కింద నా అల్లిక సూదులకి తెలిసిపోయేది. అందుకని డింప్నా హెనెగన్, బతికున్నవాళ్ళ దుఃఖం మీద పోయినవాళ్ళ పేర్లు దుప్పటిలా కప్పేది. గది ఖాళీ అయ్యాక రేడియో తగ్గించి, కిందికొచ్చి, "పాలున్నాయా బ్రీజ్, టీలోకి?" అనేది. పైకి ఎవరొచ్చారని అడిగితే వాన గురించి చెప్పేది. మా కారిగ్‌బాన్‌లో వానకి కరువు లేదు కాబట్టి ఆవిడకి మాటలకీ కరువు రాలేదు.

అది కష్టంలో ఉన్న కుటుంబాలకి సాయం చేసే ఆఫీసు. తలుపు మీద ఆ మాట రాసి ఉన్న బోర్డుని మొదటి వారంలోనే ఆవిడ పీకించేసింది. "ఇది చదువుకుంటూ లోపలికెవరొస్తారు? దీని బదులు నెత్తిన గంట కట్టుకుని రావచ్చు" అంది. ఆవిడ ఉద్యోగం తలుపు తియ్యటం, టీ పెట్టటం, కాగితాల సొరుగులకి తాళం వెయ్యటం. తాళంచెవి మెళ్ళో మేరీమాత బిళ్ళ పక్కనే వేలాడేది. ఒకసారి ప్రార్థనలో కళ్ళు మూసుకుని బిళ్ళ అనుకుని తాళంచెవిని ముద్దు పెట్టుకుంది. తెలిసినా నొచ్చుకోలేదు. అక్కర తీరిన కాగితాల్ని చింపి, ఇంటి పొయ్యిలో కాల్చి, బూడిదని పెరట్లో క్యాబేజీ మళ్ళలో కలిపేది. ఊరి కష్టాలన్నీ తిని తన ఇంటి క్యాబేజీలు అంత లావయ్యాయని ఆవిడ తమ్ముడు జార్లత్ అనేవాడు. తినటం మాత్రం మానలేదు.

ఆ మేడ ఎక్కినవాళ్ళలో నా చెల్లెలు ఊనా ఉంది. ఈ సంగతి చెప్పే హక్కు నాకు లేదు. ఊనాయే రాయమంది, రాస్తున్నాను.

ఊనా మొగుడు కోల్మన్ అంటే ఊళ్ళో అందరికీ ఇష్టం. బారులో అతను పాట ఎత్తుకుంటే పోస్తున్న బీరు గ్లాసు మధ్యలో ఆగిపోయేది. ఇంట్లో మాత్రం సాయంత్రమయ్యేసరికి కారు మీటరు చూసి, ఎక్కడెక్కడ తిరిగావని అడిగేవాడు. జవాబు నచ్చకపోతే గుమ్మానికి అడ్డంగా నిలబడేవాడు. నా చెల్లెలు రానురాను మాట్లాడటం మానేసి తలూపటం నేర్చుకుంది. ఆమెకీ పిల్లలకీ ఆఫీసువాళ్ళు దూరాన మరో ఊళ్ళో ఇల్లు చూస్తున్నారు. అది దొరికేదాకా కోల్మన్‌కి తెలియకూడదు. తెలిస్తే ఇక ఆ ముగ్గురినీ గడప దాటనివ్వడు.

ఆఫీసు నించి ఊనా ఇంటికి ఫోన్ చేస్తే ఒకసారి కోల్మనే ఎత్తాడు. డింప్నా క్షణం కూడా తడబడలేదు. "ఉన్ని కొట్టు నించండీ. అమ్మగారడిగిన నీలం ఉన్ని వచ్చింది" అంది.

అక్కడ మొదలైంది నా ఖర్మ. ఊనాకి అల్లిక రాదు. చిన్నప్పుడు ఒక మేజోడు మొదలుపెట్టి, దారిలో దేవుణ్ణీ బంధువుల్నీ తిట్టుకుని, చివరికి దాన్ని టీ కెటిల్‌కి తొడిగింది. ఇప్పుడు వారంవారం ఉన్ని కొట్టుకి వెళ్తోందంటే చేతిలో ఏదో ఒకటి పెరుగుతూ కనబడాలి కదా. తను పైన ఉన్నంతసేపూ కింద నేను అల్లేదాన్ని. అలా కోల్మన్‌కి ఒక నీలం స్వెట్టరు తయారైంది. మెడ దగ్గర తాడు అల్లిక కూడా వేశాను. అతను దాన్ని వేసుకుని బారుకెళ్ళి, "మా ఆవిడ చేతి పని" అని చూపించుకునేవాడు. ఆ పిల్ల పారిపోయే దారిని కుట్టుకుట్టుగా వీపు మీద మోస్తున్నానని అతనికి తెలియదు.

ఇంతలో డింప్నాని శిక్షణకి డబ్లిన్ పంపించారు.

మా వైపు పలకరింపు ఊపిరితో సమానం. కారులో వెళ్తూ ఎదురైతే స్టీరింగ్ మీంచి చూపుడువేలు లేపుతాం. పొలం గట్టు కోసం కోర్టుకెక్కిన అన్నదమ్ములు కూడా, అదే కోర్టుకి వెళ్తూ దారిలో ఎదురైతే వేలు లేపుతారు. డబ్లిన్‌లో అదేం లేదు. అక్కడి శిక్షణలో ఒక చక్కటి అమ్మాయి చెప్పిందట: సాయానికొచ్చినవాళ్ళు బయట కనబడితే మనంతట మనం పలకరించకూడదు, పక్కనున్నవాళ్ళు "ఆవిడ నీకెలా తెలుసు?" అంటే వాళ్ళేం చెప్పుకుంటారు అని. మంచి నియమమే. డింప్నా దాన్ని ఉపవాస దీక్షలా పట్టుకొచ్చింది.

కొన్నాళ్ళకి డీలియా మనెల్లీ నా కొట్టుకి వచ్చింది. డీలియాకి ఉన్నితో పనిలేదు. బల్ల మీద మోచేతులు ఆనించుకోటానికి వస్తుంది.

"బ్రీజ్, ఇక ఊళ్ళో ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదే. డింప్నా మొహం చూస్తే చాలు, ఎవరింట్లో పొగ వస్తోందో తెలిసిపోతోంది."

"అదెలా?"

"అందరినీ పలకరిస్తుందా? మన వీధి ప్యాకీ ఎదురైతే మాత్రం చేపల కొట్టు కిటికీలోకి చూస్తూ నిలబడుతుంది. ఆ చేప దానికేమైనా మేనమామా? అంటే ప్యాకీ మేడెక్కుతున్నాడన్నమాట! మొన్న ఆదివారం మీ ఊనా ఎదురైంది..."

నా సూది మీంచి కుట్టు జారిపోయింది. "అయితే?"

"ఆకాశంకేసి చూసింది. ఏముందే మన ఆకాశంలో? మబ్బు!"

డీలియా వెళ్ళగానే మెట్లెక్కాను. పైన రేడియోలో ఎవరో పెద్దాయన పోయారు, పూలు వద్దట. దాని మీంచి అరవాల్సి వచ్చింది.

"డింప్నా, నువ్వు పలకరించకపోవటం వల్లే ఊనా సంగతి బయటపడిపోతోంది!"

"ఊనా ఎవరు?"

"నా చెల్లెలు! ఇప్పుడే కదా నీ ముందునించి లోపలికెళ్ళింది!"

"ఈ మెట్ల మీద గాలెక్కువ, బ్రీజ్. ఎవరో వెళ్ళినట్టే ఉంటుంది."

"అయ్యో నా తల్లీ! కోల్మన్ చెవిన పడితే..."

"ఆయనెవరో నాకు తెలుసు. బాగా పాడతాడు." ఆవిడ చేతిలో టీ చెంచా మాత్రం ఆగిపోయింది.

నేను కూర్చున్నాను. "సరే. నా చెల్లెలు కాదు. ఒక ఊళ్ళో ఒక చెల్లెలు ఉందనుకో."

"ఆ. అలా చెప్పు." ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఒక ఊళ్ళో?"

డీలియా మాటలన్నీ ఒక ఊరి కథలా చెప్పాను. ఆవిడ మొహం పిండిలా పాలిపోయింది. తన దీక్షే ఒక పిల్లని పట్టించబోతోందని అర్థమైంది.

"పోనీ రేపట్నించి ఆ చెల్లెల్ని పలకరిస్తే?" అన్నాను.

"నిన్నటిదాకా ఆకాశంకేసి చూసి, ఇవాళ పలకరిస్తే? ఆ ఊళ్ళో ఒక డీలియా ఉంటుంది కదా. ఏమంటుంది?" ఒక బిస్కట్టు టీలో ముంచి మర్చిపోయింది. అది విరిగి మునిగిపోయింది. "బ్రీజ్, ఒకళ్ళని పలకరించకపోతే అది వాళ్ళ రహస్యం. ఎవర్నీ పలకరించకపోతే అది నా పొగరు. పొగరుకేం, నేను మోస్తాను."

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి గేటు దగ్గర ఊరంతా నిలబడి ఉంది. సముద్రం మీంచి సన్నటి వాన, గొడుగుల మీద ఎవరో బియ్యం పోస్తున్నట్టు. డింప్నా మెట్లు దిగింది. ఎదురుగా ఫాదర్ కహల్ చెయ్యి చాచి, "ఎలా ఉన్నారు డింప్నా?" అన్నాడు. ఆవిడ ఆ చేతిని, దారికడ్డొచ్చిన తడి కొమ్మలా, తప్పించుకుని వెళ్ళిపోయింది. పోలీసు సార్జెంటు టోపీ ఎత్తాడు. ఎత్తిన టోపీ అలాగే ఉండిపోయింది. సొంత తమ్ముడు జార్లత్ కారు తలుపు తెరిచి, "రా అక్కా, తడుస్తున్నావు" అన్నాడు. ఆవిడ నడుచుకుంటూనే ఇంటికి పోయింది.

"ఇంట్లో కూర వడ్డిస్తుంది, కబుర్లు చెబుతుంది" అని జార్లత్ నా దగ్గర వాపోయాడు. "వీధిలో మాత్రం నేనెవరో తెలియదు. నాకేమైనా జబ్బా బ్రీజ్? అందరికీ తెలిసి నాకే చెప్పటం లేదా?"

ఊరు తల్లకిందులైంది. ఫాదర్ కూడా మేడెక్కుతున్నాడా? సార్జెంటుకేం కష్టం, పెళ్ళే కాలేదే? ఆ వారమంతా అందరూ అందరినీ జాలిగా చూసుకున్నారు. ఎవరో ఫాదర్ ఇంటి గుమ్మం దగ్గర ఆపిల్ కేకు పెట్టి వెళ్ళారు. అందరికంటే ఎక్కువ మండిపడింది డీలియా.

"నన్ను కూడా చూడకుండా పోయిందే! అందరి ముందూ! ఇప్పుడు రొట్టెల కొట్టులో నా చెయ్యి పట్టుకుని 'ధైర్యంగా ఉండు డీలియా' అంటున్నారు. నాకేం ఖర్మ!"

"నువ్వెళ్ళటం లేదా మరి?"

"నీ నోరు పడ!" అని తలుపు ధడాలున వేసి పోయింది. ప్యాకీ గురించీ ఊనా గురించీ మళ్ళీ ఎత్తలేదు.

కానీ డీలియా అంతకుముందు అన్న మాట ఒకటి తిరిగి తిరిగి కోల్మన్ చెవికి చేరింది. ఒక మధ్యాహ్నం అతను కొట్టుకొచ్చాడు. నీలం స్వెట్టరు వేసుకునే ఉన్నాడు. బల్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు దారం రంగులు పోల్చుకుంటున్నారు. ఊనా ఆ సమయానికి పైనే ఉంది. రేడియో హోరెత్తుతోంది.

"బ్రీజ్ వదినా," అన్నాడు, ఎప్పటి చిరునవ్వుతోనే. "మా ఆవిడ ఇక్కడే ఉందా? లేక ఇంకాస్త పైకి వెళ్తోందా?"

అతను మెట్ల వైపు ఒక అడుగు వేశాడు. అప్పుడే డింప్నా ఖాళీ పాలజగ్గుతో దిగుతోంది. ఇరుకు మెట్లు. ఎదురెదురు పడ్డారు.

"ఎలా ఉన్నావు డింప్నా?" అన్నాడు కోల్మన్, అందరికీ వినబడేలా.

ఆవిడ ఆగింది. అతని మొహంలోకి చూసింది. చాలా మెల్లగా, చాలా దయగా, తల పక్కకి తిప్పుకుని ఆకాశంకేసి చూసింది. అక్కడ ఆకాశం లేదు కాబట్టి నా కొట్టు కప్పుకేసి. అలా చూస్తూనే మెట్ల మధ్యలో నిలబడిపోయింది.

ఇద్దరు ఆడవాళ్ళలో పెద్దావిడ దారపు ఉండ కింద పెట్టి, వచ్చి, అతని భుజం తట్టింది.

"సిగ్గుపడకు నాయనా. మగాడు సాయం అడగటం ఎంత గొప్ప! మా ఆయన ఏనాడూ అడగలేదు."

"నేనా? నేను అక్కడికి..."

"మేమెవరికీ చెప్పం" అంది రెండో ఆవిడ. ఆ గొంతు వినగానే, బారు మూసేలోగా ఊరంతటికీ చెబుతుందని అతనికీ తెలిసిపోయింది.

కోల్మన్ మెడ వరకూ ఎర్రబడ్డాడు. నీలం స్వెట్టరు మీద ఆ ఎరుపు చాలా నప్పింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ తరవాత మా వీధిలోకి రావాలంటే కూడా చుట్టు తిరిగి పోయేవాడు, ఎవరైనా చూసి భుజం తడతారేమోనని. ఊనా నిశ్చింతగా మెట్లెక్కింది.

మా మేయో జిల్లా ఫుట్‌బాల్ జట్టు డబ్లిన్‌లో ఆడిన శనివారం కోల్మన్ బస్సులో పాటలు పాడుకుంటూ వెళ్ళాడు. ఆ మధ్యాహ్నమే ఊనా, పిల్లలు కారెక్కారు. ఎవరి కారో, ఏ ఊరో నాకు చెప్పలేదు. సాయంత్రం మేడెక్కి డింప్నా ముందు నిలబడి ఏడ్చాను.

"నేను తోడబుట్టినదాన్ని. చేరిందో లేదో అదొక్కటి చెప్పు."

ఆవిడ నాకు టీ పోసింది. చక్కెర ఎక్కువే వేసింది. కిటికీలోంచి చాలాసేపు చూసింది. "వాన తగ్గింది కదూ" అంది. "ఇలాంటి రోజున ఎవరైనా దూరం వెళ్ళినా, ఈపాటికి పొయ్యి ముందు కూర్చుని ఉంటారు."

పలకరించకపోవటం మాత్రం ఆవిడ మానలేదు. ఇంకో చెల్లెలు ఎప్పుడైనా రావచ్చు కదా. ఊరు అలవాటు పడింది. కొత్తగా వచ్చినవాళ్ళకి, "ఆవిడ పలకరించదు, మంచి మనిషి" అని చెప్పేవాళ్ళం.

చాలా ఏళ్ళ తరవాత కాసిల్‌బార్‌లో వృద్ధుల ఆశ్రమానికి ఆవిణ్ణి చూడటానికి వెళ్ళాను. ఈసారి ఊనాని వెంట తీసుకెళ్ళాను. డింప్నా ఎండిన ఆకంత అయిపోయింది. కళ్ళు మాత్రం చురుగ్గానే ఉన్నాయి. ఊనా మంచం పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"డింప్నా, నేను ఊనాని."

"కలుసుకోవటం సంతోషం, అమ్మాయ్" అంది డింప్నా. "ఏ ఊరు మీది?"

ఊనా నాకేసి చూసి నవ్వింది. తరవాత చెప్పటం మొదలుపెట్టింది. ఊరి పేరు, ఇంటి వెనక వాగు, పెద్దాడు పడవలు బాగుచెయ్యటం, చిన్నదాని పెళ్ళి, తను బళ్ళో పిల్లలకి వంట చెయ్యటం, అక్కడివాళ్ళు ఉప్పెక్కువ తినటం. ఆగలేదు. డింప్నా మధ్యమధ్య "అలాగా? తరవాత?" అంటూ, కొత్త మనిషి కథ వింటున్నట్టు, ఒక్కొక్క సంగతే తీసుకుని దిండు కింద దాచుకుంటున్నట్టు విన్నది.

ఊనా కారు తేవటానికి బయటికి వెళ్ళింది. డింప్నా నా చెయ్యి పట్టి లాగి, గొంతు తగ్గించి అంది:

"మీ చెల్లెలు భలే మాట్లాడుతుందే, బ్రీజ్. ఇన్నేళ్ళూ నాకెందుకు పరిచయం చెయ్యలేదు?"