ట్రంపెట్ మాస్టారి ముందుపళ్లు

మునిసిపాలిటీ బ్యాండులో ఇరవై ఆరేళ్లు మొదటి ట్రంపెట్ ఆయనదే. అందరూ ట్రంపెట్ మాస్టారనే పిలిచేవారు. ఆయన ఊదితే మార్కెట్లో బేరాలు కూడా ఓ క్షణం ఆగేవట. పొగడ్తంటే చెవి కోసుకునే మనిషి. తన తెల్లటి పళ్లన్నా అంతే. రెండుపూటలా గిన్నె తోమినట్టు బరబరా తోమేవాడు.

ముప్ఫై ఏడో ఏట ఒక ఉదయం ఉమ్మిలో ఎర్రచార కనబడింది. "గట్టిగా తోమితే ఆమాత్రం రాదా ఏంటి" అని కుళాయి తిప్పేశాడు. భార్య మాత్రం ఊరుకోక పళ్ల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ సన్నటి పుల్లతో చిగుళ్ల లోతు కొలిచింది. "చిగుళ్లు పంటిని వదలడం మొదలైంది మాస్టారూ. బ్రష్షు సందుల్లోకి పోదు. రోజూ ఈ దారం పళ్ల సందుల్లో వేసి లాగండి. ఆర్నెల్లకోసారి క్లీనింగ్‌కి రండి. సిగరెట్టు మానెయ్యండి."

ఇంటికొచ్చాక ఆ దారం రెండు కొసలూ పట్టుకుని, "దీన్ని పళ్లకి కట్టి గాలిపటం ఎగరెయ్యమంటుందా?" అన్నాడు. భార్య పకపకా నవ్వింది. ఆ నవ్వే తర్వాత్తర్వాత ఆమెను చాలాకాలం బాధపెట్టింది.

అయినా పదిరోజులు వేశాడు. వేసిన ప్రతిసారీ రక్తం. "చూశావా, లేని రోగం తెచ్చిపెట్టింది!" అని దారం డబ్బా అలమరలోకి తోసేశాడు.

"చిగుళ్లు వాచాయి కాబట్టే వస్తోందండీ. వేస్తూ ఉంటే తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పిందిగా."

"నొప్పుందా? లేదు. నొప్పి లేనిది రోగమేంటి?"

చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఆమే మానేసింది.

పన్నెండేళ్లు గడిచాయి. నొప్పి రాలేదు. నోటి వాసన వచ్చింది. పక్కన కూర్చునే క్లారినెట్ ఆయన కుర్చీ కాస్త అవతలికి జరుపుకున్నాడే తప్ప పైకి ఏమీ అనలేదు. పళ్లు సాగినట్టు కనబడితే మాస్టారు వయసనుకున్నాడు. ఒకరోజు రిహార్సల్లో పైస్వరం అందుకోబోతుంటే మౌత్‌పీస్ కింద పన్ను కదిలింది. స్వరం పగిలింది. బ్యాండ్‌మాస్టర్ చెయ్యాపి "మళ్లీ" అన్నాడు. మళ్లీ పగిలింది. మూడోసారి ఎవరూ చెప్పకుండానే ఆయన ట్రంపెట్ ఒళ్లో పెట్టుకున్నాడు.

ఈసారి డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించింది. పైవరస ముందుపళ్లు నాలుగింటి చుట్టూ ఎముక కరిగిపోయింది.

"ఇవి నిలవవు మాస్టారూ."

"ఇవాళ్టి నుంచి రోజూ దారం వేస్తానమ్మా. సిగరెట్టు ఇప్పుడే పారేస్తా."

"మిగతా పళ్లను కాపాడుకోవచ్చు. పోయిన ఎముక రాదు."

"అప్పుడే వేసుంటే ఉండేవా?"

ఆమె ఎక్స్‌రే బల్లమీద పెట్టింది. "ఒక్క దారమే కాపాడేదని చెప్పలేను. క్లీనింగ్‌కీ రాలేదు, సిగరెట్టూ మానలేదు. కానీ ఇంతదాకా వచ్చేది కాదేమో."

ఆ 'ఏమో' ఆయన్ని కాల్చుకు తింది. ఎలాగూ పోయేవే అంటే ఏడ్చి ఊరుకునేవాడు. నీ చేతులారా పోగొట్టుకున్నావంటే తల బాదుకునేవాడు. రెండూ కాకపోవడంతో అన్నం ముందు కూర్చుని గోడకేసి చూసేవాడు.

నాలుగు పళ్లూ తీసేసి కట్టుడుపళ్లు పెట్టారు. మౌత్‌పీస్ ఆనించగానే అవి వెనక్కి జారేవి. మూడునెలలు గది తలుపేసుకుని ఊదాడు. వచ్చింది ఒట్టి గాలే. తనకేమీ వినబడలేదని ఆయన అనుకోవాలని, భార్య వంటగదిలో కుళాయి ధారగా తిప్పి ఉంచేది.

బ్యాండ్‌మాస్టర్ మంచివాడు, ఉద్యోగం తీయలేదు. పెద్ద డ్రమ్ము అప్పగించాడు. కొత్త వంతెన ప్రారంభించిన రోజు మొదటి ట్రంపెట్ కుర్చీలో కొత్తగా చేరినావిడ కూర్చుంది. బాగా ఊదింది. ఒకప్పుడు తను ఒంటరిగా ఊదే చోటికి పాట వచ్చేసరికి మాస్టారి పెదాలు వాటంతటవే బిగుసుకున్నాయి. డ్రమ్ము మీద ఒక దెబ్బ తప్పింది. ఎవరూ గమనించలేదు.

సాయంత్రం గుమ్మంలో బూట్లు విప్పుతుంటే భార్య అడిగింది. "ఎలా జరిగిందండీ?"

"జరిగింది. చప్పుడు చేసొచ్చాను."

ఆమె లోపలికి వెళ్లి కూర ఇంకాస్త మెత్తగా మెదపసాగింది.