ఒకే ఛాతీ, పదకొండు పేర్లు

డాక్టరయ్యాక కూడా సత్యవాణి తను పెరిగిన తెలుగు కూలీల బస్తీ ఖుర్సీపార్ వదల్లేదు. వైద్య కళాశాలలో ఆమెది ప్రజారోగ్య విభాగం. తోటివాళ్ళు దాన్ని దోమల డిపార్ట్‌మెంట్ అని వేళాకోళం చేసేవారు. మందుచీటీ రాసే చదువు కాదది. ఎవరికి ఏ జబ్బు వస్తోంది, అక్కడే ఎందుకు వస్తోంది అని ఇంటింటికీ తిరిగి రాసుకునే చదువు. ఆమె ఆ పని పద్ధతిగా చేసేది. ఫారంలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా మళ్ళీ ఆ ఇంటి తలుపు తట్టేది.

తొంభై మూడులో ఆ పక్క పారిశ్రామికవాడ హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న కార్ఖానాను పరిశోధనకు ఎంచుకుంది. కొలిమి ఇటుకల కోసం రాయిని పిండి చేసే చోటు. పనివాళ్ళలో ఎక్కువమంది శ్రీకాకుళం వైపువాళ్ళు. సాయంత్రం బయటికొస్తే కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. ఆ దుమ్ము వాళ్ళ ఊపిరితిత్తులను తినేస్తోందని ఆమె అనుమానం. అనుమానం చాలదు, కొలవాలి. ఒక్కొక్కరూ గొట్టంలో మూడుసార్లు గట్టిగా ఊదాలి, ముల్లు ఎక్కడ ఆగిందో ఆమె రాసుకోవాలి. పాడైన ఛాతీ మొదటిసారి ఎలాగో నెట్టుకొస్తుంది, మూడోసారికి జారిపోతుంది.

యజమాని లోపలికి రానివ్వలేదు. గేటు పక్క రేకుల షెడ్డులో ఉన్న బల్ల చూపించాడు. ఏటా గేట్ పాసు ఇచ్చే ముందు పనివాళ్ళ ఛాతీ పరీక్ష చేసే బల్ల అదే. ఆ సంగతి సత్యవాణికి తెలుసు. నీడగా ఉంది కదా అని కూర్చుంది. హాజరు రాసే మున్షీ గేటు లోపలినుంచే పేర్లు పిలిచాడు, వాళ్ళు వచ్చి ఊదారు, ఆమె వంచిన తల ఎత్తకుండా రాసింది. ఎనభై ఆరు పేర్లు.

అంకెలన్నీ బాగానే వచ్చాయి. తనకే ఆశ్చర్యం వేసి లెక్క మూడుసార్లు తిరగేసింది. తప్పు దొరకలేదు. రెండేళ్ళకు వ్యాసం అచ్చయింది: ఆ మాత్రం దుమ్ము వల్ల ఊపిరి తగ్గినట్టు కనబడలేదని. యజమాని ఆ పేజీకి ఫ్రేము కట్టించి ఆఫీసులో తగిలించుకున్నాడు.

తొంభై ఆరు వానల్లో గున్నమ్మ అనే ఆవిడ ఒక ఎక్స్‌రే పట్టుకొచ్చింది. భర్త అప్పలసూరిది. నాలుగడుగులు వేస్తే ఆయాసమట. సత్యవాణి దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. రెండు పక్కలా ఇసక చల్లినట్టుంది. నిన్నా మొన్నటి జబ్బు కాదు. బీరువాలోంచి పాత రిజిస్టరు తీసింది. అప్పలసూరి: అయిదువందల ఇరవై, నలభై, యాభై. ఏ జబ్బూ లేని ఛాతీ అంకెలు.

"గున్నమ్మా, ఆ రోజు మీ ఆయన నా దగ్గరికొచ్చి ఊదాడా?"

గున్నమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఆయనెక్కడొచ్చినాడమ్మా! మా తమ్ముడు తాతబ్బాయి ఊదీసినాడు. ఆడికీ ఆ కార్ఖానాలోనే పని."

"ఎందుకు?"

"ఎందుకేటి? ఫెయిలైతే పాసు ఇవ్వరు గదా. మావోళ్ళకి ఏటా ఆడే ఛాతీ ఇస్తాడు. ఊర్ల సన్నాయి ఊదీవోడు. ఒక్క గుక్క పట్టినాడంటే తాళి కట్టడం అయిపోవాల."

"మీ ఆయనొక్కడికేనా?"

"పదకొండు మందికి. దవడలు నొప్పెట్టి ఆ రోజు కూడు తిన్నేదు." నవ్వబోయి, సత్యవాణి మొహం చూసి ఆగిపోయింది.

"నాది పాసు పరీక్ష కాదని రెండుసార్లు చెప్పానే!"

"సెప్పినావమ్మా. తెల్లకోటేసుకుని, ఆ బల్ల కాడే కూకోని సెప్పినావు."

సత్యవాణి రిజిస్టరు ముందుకు లాక్కుంది. రిజిస్టరు మొదటినుంచీ చూసింది. పదకొండు వరసల్లో మూడోసారి ఊదిన అంకె మొదటిదానికంటే ఎక్కువే ఉంది. జబ్బు ముదిరినవాళ్ళే ఆ పదకొండుమంది. ఒకే మనిషి పరాయి పేర్లతో పదకొండుసార్లు ఎదురుగా వచ్చి నిలబడితే తను తలెత్తి చూడలేదు.

భర్తది పనివల్ల వచ్చిన జబ్బేనని గున్నమ్మ దుర్గ్‌లో కార్మిక కోర్టుకు అర్జీ పెట్టింది. విచారణనాడు యజమాని వకీలు చేతిలో ఉన్నది సత్యవాణి వ్యాసమే. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ఆమెను తాతబ్బాయి వరండాలో ఆపాడు. మెడ నరాలు ఉబ్బిన బలమైన మనిషి.

"మేడమ్ దీదీ, నిజం సెప్పీ. నాను అడ్డు రాను. గానీ నా పాసూ పోతాది, ఆ పదిమందివీ పోతాయి. బావకి గంజి ఎవులు పోస్తారో అది గూడా సెప్పీ."

"నువ్వు నోరు ముయ్యిరా," అంది గున్నమ్మ. కానీ చెప్పమని మాత్రం ఆవిడా అనలేదు.

లోపల సత్యవాణి, "ఆ వ్యాసం నమ్మకండి. ఎక్స్‌రే చూడండి," అంది.

"ఎక్స్‌రే క్షయలో కూడా అలాగే ఉండొచ్చు. వ్యాసం కింద పేరు మీదేనా?" అన్నాడు వకీలు.

"నాదే."

"తప్పెక్కడుంది?"

ఆమె వరండావైపు చూసి తల దించుకుంది. తప్పెక్కడో చూపించకుండా తప్పనకూడదని క్లాసులో ఏటా చెప్పేది తనే. అర్జీ కొట్టేశారు.

వ్యాసం వెనక్కి తీసుకుంటానని పత్రికకు రాసింది. కారణం రాయమన్నారు. ఒకరి బదులు ఒకరు ఊదారని రాస్తే చాలు, ఆ ఊదినవాణ్ణి పట్టుకోవడానికి యజమానికి అరగంట పట్టదు. నాలుగుసార్లు ఉత్తరం మొదలుపెట్టి చించేసింది. మళ్ళీ కొలుద్దామని గొట్టం పట్టుకుని ఖుర్సీపార్ గల్లీల్లో ఇంటింటికీ వెళ్ళింది. అందరూ పీట వేశారు, టీ ఇచ్చారు. ఊదమంటే మాత్రం తాతబ్బాయికి కబురు పెట్టారు.

"ఇక్కడ గేటూ లేదు, పాసూ లేదు. నువ్వే ఊదు బాబూ," అని ఒకతన్ని బతిమాలింది.

"కాయితం మీద ఎక్కిందంటే అది ఎక్కడికెల్తాదో నీకు మాత్రం తెలుసునా అమ్మా?" అన్నాడతను.

తొంభై ఎనిమిది వేసవిలో అప్పలసూరి పోయాడు. ఆ కర్మలు జరుగుతున్న రోజుల్లోనే సత్యవాణికి ప్రొఫెసర్ పదవికి ఇంటర్వ్యూ పడింది. ఎదుట కూర్చున్న పెద్దలు హథ్‌ఖోజ్ వ్యాసాన్ని తెగ మెచ్చుకున్నారు.

"అది తప్పండీ," అంది ఆమె.

"ఏం తప్పు?"

ఆమె కొంగు సర్దుకుని బల్లవైపు చూస్తూ కూర్చుంది. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఇంత పని చేసి కూడా ఎంత వినయమో చూడండి అన్నారొకాయన.

వారానికి ఉత్తర్వు వచ్చింది. అందులో ఆమె అర్హతల కింద మొదట రాసింది ఆ వ్యాసం పేరే.