నేను గెలవలేదన్న పహిల్వాను

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి సంవత్సరం జూన్‌లో నన్ను ప్రొద్దుటూరు హైస్కూలుకు వ్యాయామోపాధ్యాయుడిగా వేశారు. ఊళ్లో ఆ పేరుతో నన్ను పిలిచినవారు లేరు. డ్రిల్లు మాస్టరు అనేవారు. మద్రాసులో శిక్షణ పొందినప్పుడు కుస్తీ రిఫరీ పరీక్ష కూడా పాసయ్యాను. ఆ సర్టిఫికెట్టు ఉన్నవాడు చుట్టుపక్కల నేనొక్కడినేనని తెలిసేసరికి తిరునాళ్ల కమిటీల వాళ్లు ఇంటికి రావడం మొదలుపెట్టారు. హెడ్మాస్టరు అనుమతి తీసుకుని, మెడలో విజిల్ వేసుకుని, పోటీలు నడిపి వచ్చేవాణ్ణి.

మా వైపు కుస్తీ పరుపుల మీద జరగదు. ఎర్రమన్ను జల్లించి, నూనె, మజ్జిగ కలిపి మెత్తగా చేసిన గోదాలో జరుగుతుంది. పడ్డవాడి రెండు భుజాలూ ఒకేసారి మట్టికి ఆనితే అది చిత్తు. ఒక్క భుజం ఆనితే లెక్కలోకి రాదు. ఆ సంగతి చూడవలసింది రిఫరీ. గోదాకు అటొకరు ఇటొకరు జడ్జీలు కూర్చుంటారు. రిఫరీకి అనుమానం వస్తే వాళ్లను అడగాలి. రిఫరీ అన్నవాడికి అనుమానం రాకూడదని ఆ రోజుల్లో నా నమ్మకం.

ఆ ఏడు పులివెందుల తిరునాళ్లలో పెద్ద జోడీ ఇద్దరిది. ఒకడు ప్రొద్దుటూరు మస్తాన్, రెండోవాడు జమ్మలమడుగు దేవదానం. ఇద్దరికీ కుస్తీయే బతుకుతెరువు. గెలిచినవాడికి వెండి గద, దానితో పాటు ఆ ఏడాదంతా తిరునాళ్లకు పిలుపులు. ఓడినవాణ్ణి పిలిచేవాళ్లు తగ్గుతారు. ఇద్దరికీ ముప్పై దాటాయి కనుక ఆ గద ఇద్దరికీ అవసరమే.

దేవదానం పుట్టుకతోనే క్రైస్తవుడు గానీ, చాలాకాలం ఆ సంగతి అతని పేరులో తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. రెండేళ్ల కిందట మెడ కింది ఎముక విరిగి మిషను ఆసుపత్రిలో నెలన్నర పడుకున్నాడు. కదలడానికి లేదు, చదవడానికి బైబిలు తప్ప లేదు. మంచం దిగేసరికి మనిషి మారాడు. మళ్లీ గోదాలోకి వచ్చాడు గానీ కొన్ని షరతులతో వచ్చాడు. ఆదివారం కుస్తీ పట్టడు. తాయెత్తు కట్టడు. ముందే మాట్లాడుకుని పడే దొంగ కుస్తీకి, అంటే నూరాకుస్తీకి, ఒప్పుకోడు.

ఆదివారం షరతు కమిటీ పెద్ద సుబ్బయ్యశెట్టికి మింగుడు పడలేదు. ఆయనది జవళి అంగడి. పోటీ ఆదివారమని అప్పటికే తప్పెట కొట్టించాడు. "ఒక్క ఆదివారానికి మీ దేవుడు ఏమనుకోడులేప్పా" అని బతిమాలాడు. దేవదానం, "ఆయన ఏమీ అనుకోకపోవచ్చు శెట్టిగారూ, నేను అనుకుంటా గదా" అన్నాడట. శెట్టి సోమవారానికి మార్చి మళ్లీ తప్పెట కొట్టించాడు.

సోమవారం సాయంత్రం గోదా చుట్టూ జనం కిక్కిరిసి ఉన్నారు. జమ్మలమడుగు నుంచి ఒక లారీ నిండా వచ్చారు. వాళ్లతో పాటు అక్కడి పాస్టరయ్య కూడా గొడుగు పట్టుకుని వచ్చి ముందు బెంచీ మీద కూర్చున్నాడు. కుస్తీ చూడడం తనకు అలవాటు లేదని, దేవదానం కోసమే వచ్చానని నాతో రెండుసార్లు చెప్పాడు.

పిలవగానే దేవదానం గోదా అంచున మోకాళ్లూని కళ్లు మూసుకున్నాడు. వెంటనే మస్తాన్ తరఫువాళ్లు నా దగ్గరికి ఫిర్యాదు తెచ్చారు. ప్రార్థన వల్ల బలం వస్తుంది గనుక అది మందు తిని దిగడంతో సమానమని వాళ్ల వాదన. రూల్ పుస్తకంలో మందుల గురించి ఉంది, ప్రార్థన గురించి లేదు. దేవదానాన్ని పిలిచి ఏం అడిగావని విచారించాను.

"ఇద్దరిలో ఎవురికీ ఎముక ఇరగగూడదని అడిగినా సార్" అన్నాడు.

మస్తాన్ పక్కనే ఉండి విన్నాడు. "నన్ను గూడా కలిపినావా?"

"కలిపినా మామా."

"అట్లయితే కానీయండి సార్, నాకేం అభ్యంతరం లే" అని, మస్తాన్ కూడా రెండు చేతులూ చాపి తన దువా తాను చేసుకున్నాడు. ఫిర్యాదు కొట్టివేశాను.

కుస్తీ బాగా సాగింది. పదిహేను నిమిషాలు దాటాక దేవదానం మస్తాన్ నడుము పట్టి ఎత్తి వేశాడు. ఇద్దరూ కలిసి పడ్డారు. నేను దేవదానం వీపు వైపు ఉన్నాను. ఆ వీపు తలుపంత ఉంటుంది. దాని అవతల మస్తాన్ కుడి భుజం ఆనడం చూశాను. ఎడమది కనిపించలేదు. ఇది ఆనినప్పుడు అదీ ఆని ఉంటుందనుకుని విజిల్ ఊదాను.

తప్పెట్లు మోగాయి. జమ్మలమడుగువాళ్లు తువ్వాళ్లు ఎగరేశారు. పాస్టరయ్య బెంచీ ఎక్కి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు ఎక్కాడో ఆయనకూ తెలియదు. నేను గెలిచినవాడి చెయ్యి ఎత్తబోతే ఆ చెయ్యి పైకి రాలేదు.

"ఎడమ బుజం ఆన్లేదు సార్. దాని కింద నా చెయ్యి ఉండింది."

రిఫరీ తీర్పు అంతిమమని గొంతు తగ్గించి చెప్పాను.

"అంతిమమే సార్. కానీ తప్పు" అన్నాడు, గొంతు తగ్గించకుండా.

ముందు వరుసలకు ఆ మాట వినబడింది, వెనక వరుసలకు క్షణంలో చేరింది. ఓడినవాడు ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలో పుస్తకంలో ఒక పేజీ ఉంది. గెలిచినవాడు ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలో ఒక్క ముక్క లేదు. మస్తాన్‌ను అడిగాను. అతనికి ఇంకా కోపం వచ్చింది. "ఆనింది సార్! నేను ఓడిపోయినా. ఒకరు దయ చూపిస్తే తీసుకునేవాణ్ణి కాదు నేను."

"దయ యాడిది మామా? ఆన్లేదు."

"బుజం నాదా, నీదా?"

"చెయ్యి నాది గదా!"

ఇద్దరూ గోదా మధ్య నిలబడి నేను ఓడిపోయానని ఒకడు, నేను గెలవలేదని ఒకడు కేకలేసుకున్నారు. జడ్జీలను అడిగాను. ఒకాయన ఆ సమయంలో వక్కాకు ఉమ్మడానికి పక్కకు తిరిగాడు. రెండో ఆయన బాగా ఆలోచించి, "ఆనినట్టూ ఉండాది, ఆననట్టూ ఉండాది" అన్నాడు. సుబ్బయ్యశెట్టి గద రెండు చేతులతో గుండెకు పట్టుకుని, "గెలిచినా గెలిచినా అని కొట్లాడేది చూసినా గానీ, ఇదేంది సామీ!" అని తల కొట్టుకున్నాడు. లారీలో వచ్చినవాళ్లు దేవదానాన్ని తిట్టడం మొదలుపెట్టారు. పాస్టరయ్య బెంచీ దిగి వచ్చి దీనంగా అన్నాడు: "దేవదానం, చర్చిలో సాక్ష్యం చెప్పమంటి గానీ, గోదాలో నిలబడి చెప్పమంటినా?"

అన్న మరుక్షణమే ఆయన ముఖం ఎర్రబడింది. "కాదులే. చెప్పింది మంచిదే" అని గొడుగు తీసుకుని పోయి కూర్చున్నాడు.

తీర్పు మార్చుకుంటే మళ్లీ నన్నెవరూ పిలవరు. మార్చుకోకపోతే అబద్ధం మీద సంతకం పెట్టినవాణ్ణవుతాను. సంతకం అన్న మాటతో ఒక నిబంధన గుర్తొచ్చింది. ఫలితాల కాగితం మీద రిఫరీ సంతకం చేసేదాకా తీర్పు పూర్తి కాదు. కాగితం ఇంకా శెట్టి జేబులోనే ఉంది. నా పొరపాటని జనం ముందు ఒప్పుకుని, ఇద్దరినీ నిలబెట్టి మళ్లీ మొదలుపెట్టించాను.

నాలుగు నిమిషాల్లో మస్తాన్ దేవదానాన్ని చిత్తు చేశాడు. ఈసారి నేను బోర్లా పడుకుని చూశాను. అయినా విజిల్ నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగాను. కింద నుంచి దేవదానం, "ఊదండి సార్, రెండూ ఆనినాయి" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో దేవదానం బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. లారీవాళ్లు అతన్ని ఎక్కించుకోలేదు. గద పోయినందుకు బాధ లేదా అని అడిగాను. "శానా ఉండాది సార్. ఏడుపొచ్చింది. మట్టి పడిందని కండ్లు తుడుచుకున్నా" అన్నాడు. మరి ఎందుకు చెప్పావన్నాను. "కుస్తీ ఎప్పుడో ఒగ దినం పడతాం సార్. దేవునితో దినామూ మాట్లాడాల గదా" అన్నాడు.

తర్వాత ఆరు నెలలు అతన్ని ఏ కమిటీ పిలవలేదు. జమ్మలమడుగులో ఒక దుకాణం ముందు మూటలు మోశాడని విన్నాను. ఆ తర్వాత కమలాపురంలో ఒక నూరాకుస్తీ బయటపడి జనం గోదా తవ్విపారేశారు. దాంతో కమిటీలకు భయం పట్టుకుంది. దేవదానం ఉన్న జోడీలో మోసం జరగదని చెప్పుకోవచ్చని సుబ్బయ్యశెట్టికి తట్టింది. ఆయనే జమ్మలమడుగు వెళ్లి, ఏ వారమైతే వీలవుతుందో కనుక్కుని మరీ తప్పెట కొట్టించాడు. అవతలి జోడీగా దేవదానమే కావాలని పట్టుబట్టినవాడు మస్తాన్. ఆ ఇద్దరూ తర్వాత ఆరేడు సార్లు తలపడ్డారు. ఎవరు ఎన్ని గెలిచారో నాకిప్పుడు గుర్తు లేదు.

ఈ ఉదంతం నాకు మూడు విషయాలు నేర్పింది. పైనున్నవాడి వీపు వైపు నిలబడి చిత్తు ప్రకటించకూడదు. కనిపించని భుజం ఆనిందని ఊహించకూడదు. ఆటగాడి భక్తి గురించి రూల్ పుస్తకంలో ఏమీ ఉండదు గానీ, పోటీకి ముందే దాన్ని తెలుసుకోవడం రిఫరీకి క్షేమం. దేవదానం పోటీలన్నిటిలోనూ నేను ముందు అతని ముఖం చూసి, ఆ తర్వాతే విజిల్ ఊదాను.