ఫస్ట్ బేస్ పక్కన ఇంకో బేస్

కెనడాలోని రెజైనాలో నేను చదువుకున్నప్పుడు మా ఆదివారాలన్నీ బేస్‌బాల్ గ్రౌండ్‌లోనే గడిచేవి. కాలేజీలకి మనవాళ్లు గుంపులుగా దిగుతున్న రోజులవి. క్రికెట్ ఆడదామంటే గ్రౌండ్ దొరకలేదు. దాంతో ఊళ్లో ఉన్న బేస్‌బాల్ లీగ్‌లోనే ఒక టీమ్ పెట్టాం. మా కోచ్ కాకినాడ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ అంకుల్. పొద్దున చర్చి, మధ్యాహ్నం మ్యాచ్. ఓనమాల నుంచి ఆట నేర్పింది ఆయనే. ఆయనతో నా గొడవా ఆ ఆట మీదే.

బంతి కొట్టినవాడు పరిగెత్తి ముందుగా తొక్కాల్సిన మెత్త ఫస్ట్ బేస్. దాని మీద కాలు ఆనించి బంతి పట్టుకునేవాడూ, అదే బేస్ తొక్కాలని పరిగెత్తుకొచ్చేవాడూ గుద్దుకోవడం మాకు మామూలే. కొన్ని లీగుల్లో రన్నర్ కోసం పక్కనే నారింజ రంగు బేస్ ఇంకోటి వేస్తున్నారు. మనమూ వేద్దామని మొదటి ఏడు లీగ్ మీటింగ్‌లో అడిగాను. అందరికన్నా ముందు కాదన్నది మా అంకులే.

"రెండు బేసులేంటి బాబూ? ఇదేమన్నా తొక్కుడుబిళ్లా?"

"ఒకప్పుడు హెల్మెట్ పెట్టుకున్నవాళ్లనీ వెక్కిరించారట కదా అంకుల్? క్యాచర్‌ని గుద్ది పడెయ్యడమూ ఆటే అనేవారు. పెద్ద లీగుల్లో అదీ ఆపేశారు."

"అందుకే ఆట చప్పబడిపోయింది," అన్నారు. అందరూ నవ్వారు.

రెండో ఏడు మళ్లీ అడిగాను. వచ్చే ఏడు చూద్దాం అన్నారు అంకుల్.

ఆ ఎండాకాలమే మా ఫస్ట్ బేస్‌లో ఆడే నా రూమ్మేట్ పడిపోయాడు. కరీంనగర్ వాడు. పక్కకి వచ్చిన బంతిని ఒళ్లంతా సాచి అందుకుంటుంటే రన్నర్ వచ్చి వాడి కాలిని గుద్దుకున్నాడు. రన్నర్ తప్పు లేదు, ఆ బేస్ కాక ఎక్కడ తొక్కుతాడు? మా వాడి మోకాలు లోపలికి వంగిపోయింది. ఆ అరుపు రైట్ ఫీల్డ్‌లో ఉన్న నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. లిగమెంట్ తెగిందన్నారు. నిలబడి చేసే పార్ట్‌టైమ్ పోయింది. చలికాలమంతా మంచు మీద చంకకర్రలతో క్లాసులకి వెళ్లాడు.

ఒకరోజు బూటు తొడుక్కోలేక మంచం మీద కూలబడి అన్నాడు: "నువ్వు అడిగినవ్ కదరా. ఇంకొంచెం గట్టిగ అడగకపోయినవా?"

 వాడి బూటు లేసులు కట్టాను.

మూడో ఏడు మీటింగ్‌లో నారింజ బేస్ కావాలని లేచి అడిగింది అంకులే. రెండు నిమిషాల్లో అందరి చేతులూ లేచాయి. మా వాడి సంగతి ఒక్కరూ ఎత్తలేదు. బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను.

"పోయినేడు ఏం అడ్డమొచ్చింది అంకుల్?"

"అప్పుడు అవసరం కనపడలేదు బాబూ," అన్నారు, కారు తాళాలు వెతుక్కుంటూ.

 తిట్టుకుందామన్నా కుదిరే మనిషి కాదు. వాడిని ప్రతి వారం ఫిజియోథెరపీకి తీసుకెళ్లింది ఆయనే. ఆ రోజు కూడా అక్కడికే బయల్దేరారు. ఆ ఏడు నేను టీమ్‌లో పేరివ్వలేదు. 

చదువయ్యాక మా వాడు ఉద్యోగానికి టొరంటో దగ్గరున్న ఏజాక్స్ వెళ్లిపోయాడు. మొన్న చూడ్డానికి వెళ్తే, మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగుతున్నాడు.