అరువు తెచ్చుకున్న ఆటగాళ్లు

హిందీ దేశంలోని ఉక్కు ప్లాంటు ఊళ్లో, తెలుగు కూలీలుండే క్యాంప్ 2 ఆంధ్రా బడిలో దాలయ్య పీటీ మాస్టారు. ఆ బడిలో పీటీ మాస్టారి గౌరవం ఎంతటిదంటే, లెక్కల మాస్టారికి సిలబస్ మిగిలిపోతే పీటీ పీరియడ్ ఆయనదయిపోయేది. బెంచీలు మోయించాలన్నా, కుళాయి దగ్గర తోపులాట ఆపాలన్నా మాత్రం దాలయ్య కావాలి. జెండా పండుగనాడు ఆయన విజిలే వేదం. మర్నాటినుంచి మళ్లీ ఆయన్ని పలకరించేవాడు ఉండేవాడు కాదు.

తండ్రి శ్రీకాకుళం పక్క పల్లెనుంచి వచ్చి ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో, బొగ్గు కొలుముల దగ్గర ఒళ్లు మాడ్చుకున్నవాడు. కుర్రతనంలో దాలయ్య వాలీబాల్ బాగా ఆడేవాడు. ఆ ఆట చూసి ప్లాంటువాళ్లే పిలిచి ఉద్యోగం ఇస్తారని క్యాంపంతా అనుకుంది. ఎవరూ పిలవలేదు. ప్లాంటు ఉద్యోగుల క్వార్టర్లుండే సెక్టార్ల మైదానాల్లో బూట్లేసుకుని ఆడే పిల్లల్ని సైకిలాపి చూస్తూ నిలబడే అలవాటు ఆయనకు అప్పటినుంచీ ఉంది. తెల్లటి బూట్లు కనిపిస్తే చాలు, తన కాళ్లు వెనక్కి దాచుకోవాలనిపించేది. ఇది మనసులో పెట్టుకోండి. ఆయన చేసిన పనికి ఇది సమాధానం కాదు గానీ, కారణం మాత్రం ఇదే.

తొంభైల మొదట్లో భోపాల్‌నుంచి ఒక సేవాసంస్థ ఆటల పథకం ఒకటి తెచ్చింది. బడి అయిపోయాక మైదానం గేటు వాడవాళ్లందరికీ తెరవాలి. బంతులు, తాళ్లు, వలలు వాళ్లే ఇస్తారు. ఆడేవాళ్లు ఎలాగూ ఆడతారు కనక, ఎన్నడూ ఆడనివాళ్లని ఆడించాలన్నది వాళ్ల షరతు. హెడ్మాస్టర్ పార్థసారథిగారు ఆ పని దాలయ్యకు అంటగట్టారు. క్యాంప్‌లో ఎన్నడూ ఆడనివాళ్లంటే ఇంకెవరు, ఆడవాళ్లే. గేటు తీసి వారమైనా ఒక్కరూ లోపలికి రాలేదు. గేటు దాకా వచ్చి, చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వి వెళ్లిపోయేవారు.

మొదట అడుగుపెట్టింది గున్నమ్మ. ప్లాంటులో కాంట్రాక్టర్ కింద ఊడ్చే పని ఆమెది. మొగుడు పోయాడు, ఒక్కతే కూతురు. దాలయ్యకంటే పెద్దది కనక ఆయన ఆమెను అప్పా అనే పిలిచేవాడు.

"మాస్టారూ, మాకూ ఆడాలనే ఉంటాది. నవ్వుతారనే గాని," అంది గున్నమ్మ.

"నవ్వితే నవ్వనీ అప్పా. మనమూ నవ్వుదుం," అన్నాడు దాలయ్య.

అంతే, చీర కుచ్చెళ్లు పైకి దోపి ఖో-ఖో వరసలో కూర్చుంది. ఆమె వెనక వీధంతా వచ్చింది. ఫస్ట్ షిఫ్ట్ భోజనాల డబ్బాలు కడిగేసి, పిల్లలకు ఏదో పెట్టేసి, పొద్దు వాలేసరికి మైదానంలో ఉండేవారు. పడేవారు, లేచేవారు, ఒకరినొకరు తిట్టుకునేవారు, మళ్లీ పడేవారు. అందరికంటే ఆఖర్న దాలయ్య భార్య రమణమ్మ వచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అంత గట్టిగా నవ్వడం దాలయ్య అక్కడే విన్నాడు. తన పెళ్లాం నవ్వు ఎలా ఉంటుందో తెలియడానికి ఒక పథకం కావలసి వచ్చిందని తనమీద తనే జోకు వేసుకున్నాడు.

గున్నమ్మ కూతురు తనూజ కథ వేరు. ఎనిమిదో తరగతి, బొద్దుగా ఉండేది. పీటీ పీరియడ్ వస్తే కడుపునొప్పి తప్పకుండా వచ్చేది. పరుగెత్తితే పిల్లలు నవ్వుతారని భయం. దాలయ్య ఆ పిల్లని పరుగెత్తమనలేదు. తనతోపాటు మైదానం చుట్టూ నడవమన్నాడు. కొన్నాళ్లు నడిచారు. తరవాత గోడ నీడ ఉన్నంత మేర పరుగు, మిగిలింది నడక. ఏడాది తిరిగేసరికి తనూజ ఒక చుట్టు ఆగకుండా పరుగెత్తింది. ఒక్క చుట్టే. ఆయాసపడుతూ ఆయన ముందుకొచ్చి, "సర్, రుకీ నహీ," అంది. ఆగలేదు అని చెప్పడం. ఆ రోజు దాలయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. జీవితంలో తను సాధించిందేమిటని ఎవరైనా అడిగి ఉంటే, ఆ సాయంత్రం ఆయన దగ్గర జవాబు ఉండేది.

ఇంతలో కబురొచ్చింది. పథకం ఎలా నడుస్తోందో చూడడానికి భోపాల్‌నుంచి మేడమ్ ఒకావిడ వస్తోంది. ఆవిడకు నచ్చితే మైదానం మరికొన్నేళ్లు ఇలాగే నడుస్తుంది. నచ్చకపోతే గేటుకు తాళం పడుతుంది.

"బడి పరువు మీ చేతిలో ఉంది దాలయ్యగారూ," అన్నారు పార్థసారథిగారు. "సెక్టార్ బళ్లు కూడా చూసి వస్తోందట. వాళ్ల ముందు మనం తేలిపోకూడదు."

ఆ మాట మంత్రంలా పనిచేసింది. ఆ సాయంత్రం దాలయ్య తన మైదానాన్ని పరాయివాడి కళ్లతో చూశాడు. నిన్నటిదాకా కనపడనివన్నీ కనపడ్డాయి. వట్టికాళ్లు, దోపిన చీరల కింద మాసిన లంగా అంచులు, పళ్లలో కిళ్లీ, ఒక్క చుట్టుకే మొహం కందిపోయే తనూజ. ఇదా నేను చూపించేది అనుకున్నాడు. సిగ్గేసింది. సిగ్గుపడవలసింది అప్పుడు కాదని తెలియడానికి ఇంకా కొన్నాళ్లు పట్టింది.

క్యాంప్‌లో ఒక అలవాటు ఉంది. ఎవరింటికైనా పెళ్లిచూపులకు వస్తున్నారంటే ఆ పూటకు వీధిలోని మంచి సామానంతా ఆ ఇంటిదే. ఒకరింటినుంచి కుర్చీలు, ఇంకొకరింటినుంచి కప్పులు సాసర్లు, మరొకరి మంచం మీది కొత్త దుప్పటి వచ్చేస్తాయి. దగ్గే ముసలమ్మ ఉంటే ఆ పూట పక్కింట్లో పడుకోబెడతారు. వచ్చినవాళ్లకూ ఆ సంగతి తెలుసు, వాళ్లింట్లోనూ అదే తంతు కనక. దాన్ని అబద్ధమని ఎవరూ అనరు. అరువు సొమ్ము బరువు చేటని సామెత చెప్పే ముసలాళ్లే ముందుగా వెళ్లి కుర్చీలు అడిగేవారు. ఆ గాలిలో పెరిగిన దాలయ్యకు, పిల్లల్ని అరువు తెచ్చుకోవచ్చన్న ఆలోచన రావడంలో వింతేముంది?

సెక్టార్ బళ్లో పీటీ మాస్టారు శ్యామసుందర్ పాత స్నేహితుడు. అడగ్గానే, "ఒక్క పూటే కదా, తీసుకుపో," అన్నాడు. పరుగుపందెం పిల్లలు, కబడ్డీ జట్టు, బూట్లతో సహా వచ్చేలా మాటయింది.

ఇక తనవాళ్లకు చెప్పాలి. గున్నమ్మను పక్కకు పిలిచాడు.

"అప్పా, ఆదివారం పెద్దోళ్లొస్తన్నారు. ఆ పూట మీరెవులూ రావొద్దు."

"మేం రాపోతే ఎవులాడతారు బాబూ?"

"పిల్లలాడతారులే."

గున్నమ్మకు అర్థమైంది. ఆమె మాత్రం పెళ్లిచూపులు చూడనిదా. మొహం చిన్నబుచ్చుకోలేదు సరికదా, "మరైతే గ్రౌండు నాను తుడిసీనా? మీ పియూను మూలలు వదిలెత్తాడు," అంది. ఆదివారం పొద్దున్నే వచ్చి, ఉన్న ఒక్క సెలవుపూట మైదానమంతా ఊడ్చి నీళ్లు చల్లి వెళ్లింది. దాలయ్య వరండాలో నిలబడి చూస్తూ, వద్దని కూడా అనలేదు.

మేడమ్ సాయంత్రం వచ్చింది. నూలు చీర, కాళ్లకు మామూలు చెప్పులు, తీరిగ్గా చూసే చూపు. అరువు పిల్లలు గాలిలా పరుగెత్తారు. కబడ్డీ జట్టు దుమ్ము లేపింది. పార్థసారథిగారి మొహం వెలిగిపోయింది. మేడమ్ చప్పట్లు కొట్టింది గానీ, ఆవిడ చూపు ఎవరికోసమో వెతుకుతున్నట్టుంది.

"ఇక్కడి ఆడవాళ్లు కూడా ఆడతారని విన్నాను. వాళ్లేరీ?" అని హిందీలో అడిగింది.

"ఈ రోజు వాళ్లకు పూజ ఉంది మేడమ్," అన్నాడు దాలయ్య.

"అయితే పిల్లల్లో, ఇదివరకు అసలు ఆడని పిల్ల ఎవరినైనా చూపించండి. ఎంత బాగా ఆడుతుందో నాకు అక్కర్లేదు. ఇప్పుడు ఆడుతోందా లేదా, అంతే."

దాలయ్య పిల్లల వరసవైపు తిరిగి, ఎవరినో వెతుకుతున్నట్టు నటించాడు. సరిగ్గా అప్పుడే మేడమ్ గేటువైపు చూసింది. అక్కడ తనూజ నిలబడి ఉంది. ఇస్త్రీ యూనిఫాం, రెండు జడలు, కొత్త రిబ్బన్లు. రావొద్దన్నది ఆడవాళ్లని, పిల్లలాడతారని మాస్టారే చెప్పారు కదా అనుకుని, తల్లి దువ్వి పంపించింది. ఎప్పుడు పిలుస్తారా అని ఆ పిల్ల ఆయనవైపే చూస్తోంది.

"ఆ అమ్మాయి ఎవరు?" అంది మేడమ్.

పిలిస్తే చాలు. ఒక్క చుట్టు పరుగెత్తి చూపించేది. కానీ పక్కనే తెల్ల బూట్ల పిల్లలున్నారు, పార్థసారథిగారున్నారు. తనూజ మొహం కందిపోవడం, వాళ్లు నవ్వడం దాలయ్య కళ్లముందు కదిలింది.

"వో ఖేల్‌నేవాలీ నహీ హై మేడమ్," అన్నాడు. "ఆడే పిల్ల కాదు. ఊరికే చూడ్డానికొచ్చింది."

ఆ మాటలు కొంచెం గట్టిగానే వచ్చాయి. తనూజకు తెలుగుకంటే హిందీయే బాగా వచ్చు. ఒక్క మాటా పొల్లుపోలేదు. ఏడవలేదు. కాసేపు అలాగే నిలబడి, నిజంగానే చూడ్డానికొచ్చిన పిల్లలా ఆట చూసి, వెళ్లిపోయింది. దాలయ్యకు తల కొట్టేసినట్టయింది. అయినా విజిల్ ఊదాడు, తరవాతి పందెం మొదలైంది.

కొన్నాళ్లకు జవాబు వచ్చింది. పార్థసారథిగారు మిఠాయి తెప్పించారు. ఆడనివాళ్లను ఆడించే పని ఇక్కడ కనపడలేదట, గట్టి ఆటగాళ్లు మాత్రం కనపడ్డారట. అందుకని ఆ పథకం ఆపి, ఇక్కడ పరుగుపందెం శిక్షణకేంద్రం పెడతారు. ఏ సెక్టార్ పిల్లలైనా రావచ్చు, పరీక్షలో నెగ్గితే చాలు. సాయంకాలాలన్నీ వాళ్లవే. దాలయ్యే శిక్షకుడు.

దాలయ్య మిఠాయి ముట్టలేదు. హెడ్మాస్టర్ గదిలో నిలబడి, "సార్, ఆ పిల్లలు మనవాళ్లు కారని చెప్పేద్దాం. మనవాళ్లని చూపిద్దాం," అన్నాడు.

"చెప్పండి," అన్నారు పార్థసారథిగారు, కోపం లేకుండానే. "మోసం చేశామని తేలితే శిక్షణా పోతుంది, గ్రౌండూ పోతుంది, మీరూ పోతారు. మీ ఇష్టం."

తన ఇష్టం ఏమిటో దాలయ్యకు ఆ రోజే తెలిసింది. నోరు మూసుకుని ఇంటికి పోయాడు. పిరికివాణ్ణని తనను తనే తిట్టుకుంటూ పోయాడు గానీ, వెనక్కి తిరగలేదు. రమణమ్మకు కూడా చెప్పడానికి మొహం చెల్లలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే ఆ రోజు వచ్చేసింది.

శిక్షణ మొదలైన సాయంత్రం సెక్టార్లనుంచి సైకిళ్ల మీద పిల్లలు దిగారు. సున్నంతో గీసిన గీతల మీద బూట్లు కట్టుకుంటున్నారు. దాలయ్యకు కొత్త ట్రాక్‌సూట్ ఇచ్చారు. అలవాటు ప్రకారం గున్నమ్మ, ఆమె వెనక ఆడవాళ్లు, వాళ్లలో రమణమ్మ, చీరలు దోపుకుంటూ గేటు లోపలికి వచ్చారు. తనూజ లేదు. ఆ ఆదివారం తరవాత ఆ పిల్ల మళ్లీ రాలేదు.

ఒక సెక్టార్ కుర్రాడు, "సర్, యే లోగ్ కౌన్ హై?" అని అడిగాడు. వీళ్లెవరు అని.

దాలయ్య మెడలో విజిల్ తాడు సర్దుకున్నాడు. ఆయన్నీ, సున్నపు గీతల్నీ, బూట్లనూ గున్నమ్మ మార్చి మార్చి చూసింది. దోపిన కుచ్చెళ్లు కిందికి లాగి, "పదండర్రా, మాస్టారికి పనుంది. మనం మరోపాలి వద్దుం," అని అందరినీ వెనక్కి మళ్లించింది. పదిమందిలో ఆయన పరువు కాపాడడానికి అలా అందని దాలయ్యకు తెలుసు. తిట్టి ఉంటే బతికిపోయేవాడు.

రమణమ్మ ఒక్కతే నిలబడిపోయింది. ఆమె తన మనిషి కనక ఉండిపోవచ్చనీ, వరండాలో కుర్చీ వేయిస్తాననీ దాలయ్య మెల్లగా అన్నాడు.

"ఆ ఆదివారం పూజ ఎవరింట్లోనండీ?" అంది రమణమ్మ. "గేటు దగ్గర మీ మాట విని తనూజ అడిగింది. నాకు తెలీదన్నాను."

ఆయన తల దించుకున్నాడు. ఆమె చీర సర్దుకుని, గున్నమ్మ వాళ్లను అందుకోవడానికి గబగబా నడిచి గేటు దాటింది. వెనక పిల్లలు గీత మీద వంగి, మాస్టారు విజిల్ ఎప్పుడు ఊదుతారా అని చూస్తున్నారు.