మేష్టారి డబ్బా పాలు

ఆ రోజుల్లో మనిషి ఒళ్ళు చేశాడంటే ఉద్యోగం బాగా సాగుతోందని లెక్క. సన్నగా ఉన్నవాణ్ణి చూసి లోకం జాలిపడేది. (ఇప్పుడు నన్ను చూసి డాక్టరు గారు జాలిపడుతున్నారు.) నాకు కొల్లేరు సరస్సు నడుమనున్న కొల్లేటికోట బడిలో కొత్తగా మేష్టరు పని వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి చూసి సరేనంటేనే అది ఖాయమవుతుంది. మాది పెంటపాడులో పౌరోహిత్యం చేసుకునే ఇల్లు. చేపలు వండే ఇళ్ళల్లో మెతుకు ముట్టనని అమ్మకు మాటిచ్చాను, నాకేమో పొయ్యి రాజెయ్యడం కూడా రాదు. అందుకని ఏలూరులో బిస్కట్లూ, చెంచాతో తవ్వుకు తినే తియ్యటి డబ్బా పాలూ కొనుక్కుని వాటిమీదే బతికాను. తొమ్మిది నెలలకు ఇంటికి వెళితే అమ్మ నా బుగ్గలు నిమిరి, "ఇప్పటికి మనిషివయ్యావురా నాయనా!" అని మురిసిపోయింది.

తనిఖీ నాటి పొద్దున ఊరినుంచి తిరిగొస్తుంటే, నీళ్ళు తక్కువై దోనె బురదలో కూర్చుంది. దోనె నడిపే పడవ మామ చాలాసేపు గెడ వేసి చూసి, మొహమాటంగా తల గోక్కున్నాడు.

"ఏమనుకోకండి మేష్టారండీ, తమరు కాస్త దిగితే తేలుద్దండి."

"నా ఒక్కడి బరువుకేనా?"

"మీరొచ్చిన కొత్తలో మీతోబాటు రెండు బియ్యం బస్తాలు కూడా తెచ్చానండి!"

దిగాను. మోకాళ్ళలోతు బురదలో దోనెను నెట్టుకుంటూ బడికి చేరేసరికి ఇన్‌స్పెక్టరు గారు నా కుర్చీలో కూర్చుని ఉన్నారు.  ఆయన పిల్లల్ని, "ఒంటికి బలమిచ్చే తిండి ఏది?" అని అడిగారు. ముడిబియ్యం, పప్పు, ఆకుకూరలని నేను వల్లె వేయించిన పాఠమే కనుక హమ్మయ్య అనుకున్నాను.

"డబ్బా పాలండీ!" అంది తరగతంతా ఒక్క గొంతుతో.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. మేష్టారు అదే తింటారండీ!"

ఆయన నన్ను బురద కాళ్ళనుంచి బుగ్గలదాకా చూశారు. బల్లమీద నేను సుద్దముక్కలు వేసుకున్న ఖాళీ పాల డబ్బానూ చూశారు. "ఉద్యోగం ఖాయం చేస్తానండీ. కానీ మీ పాఠం మీరూ ఒకసారి చదువుకోండి," అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మధ్యాహ్నం అమ్మకిచ్చిన మాట పక్కనపెట్టి నేనే పడవ మామ ఇంటికి వెళ్ళి, "అన్నం పెడతారా అమ్మా?" అని అడిగాను. మామ భార్య కంగారుపడి, చేప తగలని కొత్త కుండలో అన్నం వండి, గోంగూర పచ్చడీ మజ్జిగా పెట్టింది. మూడుసార్లు వడ్డించుకున్నాను. "ఇన్నాళ్ళూ పిలుత్తానే ఉన్నాం కదండీ," అంటూ ఆవిడ కళ్ళొత్తుకుంది. నిజమే, మొదటి రోజునుంచీ పిలుస్తూనే ఉన్నారు. ఇరవై రెండేళ్ళ ఆ మేష్టరు ఎంత తెలివితక్కువవాడో, పాపం!