చెయ్యి పడిపోయింది

ఆ ఆస్పత్రిలో ఆమె పని నేల తుడవడం. పదకొండేళ్ళుగా తుడుస్తోంది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు, తెలుగువాళ్ళందరికీ ఆమె తెలుగక్క. ఆస్పత్రి భాష ఒకటి, పొట్ట చేతపట్టుకుని వచ్చిన మనవాళ్ళ భాష ఇంకొకటి. "కళ్ళు తిరుగుతున్నాయి" అంటే కళ్ళ డాక్టరు దగ్గరికి పంపకూడదనీ, "కడుపుతో ఉంది" అంటే కడుపునొప్పి కాదనీ డాక్టర్లకు చెప్పి చెప్పి ఆమెకు నోరు నొప్పి పుట్టింది. జీతం మాత్రం నేల తుడిచినందుకే ఇచ్చారు.

ఇదివరకు దుబాసీ ఒకావిడ ఉండేది. జీతం దండగని ఆవిడను తీసేసి, నిమిషాల లెక్కన ఫోనులో తర్జుమా చేసే మనిషిని పెట్టుకున్నారు. శిక్షణ లేనివాళ్ళు రోగుల తరఫున నోరు విప్పరాదని కాగితం రాసి తెలుగక్క చేత సంతకం పెట్టించారు. విప్పితే పని ఊడుతుంది. రూలు మంచిదే, కాదనను. చదువున్న మనిషిని పీకేసి చదువు గురించి రూలు రాసినవాళ్ళను చూస్తేనే ఒళ్ళు మండుతుంది. తెలుగక్క ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు, నడుం విరిగిన మొగుడు మంచం మీద ఉన్నాడు. ఆమె నోరు కట్టేసుకుంది.

ఆ రోజు పొద్దున పది కావస్తుండగా ఒక పెద్దావిడ భర్తను చక్రాల కుర్చీలో తోసుకొచ్చింది. డాక్టరు ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు ఆన్ చేశాడు. తలుపు తీసే ఉంది, తెలుగక్క గుమ్మం ముందు తుడుస్తోంది.

"ఏడింటికి ఉన్నట్టుండి చెయ్యి పడిపోయిందయ్యా" అంది పెద్దావిడ.

ఫోనులో కుర్రాడు పాపం మంచివాడే. తెలుగు వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నాడు, ఇంట్లో అలగడానికీ ఆకలనడానికీ సరిపడా. "అయ్యో, ఎక్కడ పడిందండీ?" అన్నాడు.

"బాత్రూమ్ దగ్గరయ్యా."

"ఏ చెయ్యండీ?"

"కుడి చెయ్యి."

బాత్రూమ్‌లో జారి కుడిచేతి మీద పడ్డాడని కుర్రాడు డాక్టరుకు చెప్పాడు. వేళ్ళు కదలకపోవడం నొప్పి వల్లే అనుకుని డాక్టరు ఎక్స్‌రేకు రాసి ఫోను పెట్టేశాడు. "మాట కూడా ముద్దముద్దగా వస్తోందయ్యా" అని పెద్దావిడ అంటున్నది ఆగిపోయిన ఫోనుతోనే.

తెలుగక్క తుడవడం ఆపేసింది. అది పక్షవాతం! వెనక్కి తిరిగితే సూపర్‌వైజర్ ఆమె వంకే చూస్తున్నాడు. తల దించుకుని తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. డాక్టరే కనిపెడతాడులే అనుకుంది. ఎక్స్‌రే లైను గంట దాటినా కదల్లేదు. కుర్చీలో ముసలాయన నోరు ఒక పక్కకు జారింది. అప్పుడిక ఆగలేక తుడుపుకర్ర పారేసి డాక్టరు గదిలోకి పరిగెత్తింది.

"పడలేదు సార్! చెయ్యి చచ్చుబడింది. మా భాషలో అలాగే అంటాం" అని ఆయన భాషలో అరిచింది.

డాక్టరు లేచి ముసలాయన కుర్చీ దగ్గరికి పరిగెత్తాడు. స్కానింగ్ అయ్యేసరికి పన్నెండు కొట్టింది. ఫోనులో కుర్రాడు దొరకలేదు. సూపర్‌వైజర్ చూస్తుండగానే డాక్టరు తెలుగక్కను బతిమాలాడు, ఆవిడకు నువ్వే చెప్పు అని.

చెప్పింది. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఒకటుందనీ, దాని నాలుగున్నర గంటల గడువు అరగంట కిందటే దాటిందనీ, ఇక ఆ చెయ్యీ ఆ మాటా తిరిగొస్తాయని చెప్పలేమనీ, ఒక్కొక్క ముక్కే కూడదీసుకుని చెప్పింది.

పెద్దావిడ ఏడవలేదు. తెలుగక్క రెండు చేతులూ పట్టుకుంది.

"నీ తప్పేముంది తల్లీ. మేం వచ్చేటప్పటికి నువ్వు ఇక్కడుంటే ఎంత బాగుండేది" అంది.

ఉన్నాను పెద్దమ్మా అనడానికి తెలుగక్కకు నోరు రాలేదు.